వార్తలకు బాణీ కట్టిన వైమానికుడు

1957లో బ్రిటన్‌లో సాయంత్రంపూట టీవీ పెడితే, బీబీసీ ‘టునైట్’ కార్యక్రమంలో ఓ నల్లజాతి గాయకుడు గిటారు మీటుతూ ఆనాటి వార్తలను పాటగా వినిపించేవారు. మాటలు ఎక్కువగా పాత్రికేయుడు బెర్నార్డ్ లెవిన్ రాసేవారు. వాటిని అప్పటికప్పుడు కరీబియన్ కాలిప్సో బాణీలో కూర్చి పాడటం సై గ్రాంట్ వంతు. బ్రిటిష్ టీవీలో క్రమం తప్పకుండా కనిపించిన తొలి నల్లజాతీయుడిగా ఆయనకు పేరుంది.

బ్రిటిష్ గయానాలో 1919లో పుట్టారు. తండ్రి మొరేవియన్ చర్చి పాస్టర్, తల్లి సంగీతం టీచర్. 1941లో బ్రిటిష్ వైమానిక దళంలో చేరారు. పైలట్ కావాలనుకుంటే నావిగేటర్‌ను చేశారు. తన రంగు వల్లే అలా జరిగిందని ఆయన నమ్మారు. లాంకాస్టర్ బాంబర్‌లో నావిగేటర్ చోటు చాలా ఇరుకు. వెలుతురు బయటికి పొక్కకుండా చుట్టూ తెర, ముందు చిన్న బల్ల మీద పటం. గాలివాటం, వేగం, సమయం లెక్కగట్టి పైలట్‌కు దారి చెబుతుండాలి. లెక్క తప్పితే విమానంలోని ఏడుగురి ప్రాణాలకూ ముప్పే.

1943 జూన్ 25 రాత్రి జర్మనీలోని గెల్సెన్‌కిర్షెన్‌పై దాడికి వెళ్లిన ఆయన విమానం నెదర్లాండ్స్‌లో కూలింది. సిబ్బందిలో ఇద్దరు చనిపోయారు. పారాచూట్‌తో పొలంలో దిగిన గ్రాంట్ జర్మన్లకు చిక్కారు. ఓ జర్మన్ పత్రిక ఆయన ఫొటో వేసి, ‘ఏ జాతివాడో తేలని’ వైమానికుడని కింద రాసింది. ఎంత అవమానం! 2006లో వచ్చిన జ్ఞాపకాల పుస్తకానికి ఆయన ఆ మాటలనే పేరుగా పెట్టుకున్నారు.

రెండేళ్ల ఖైదు తర్వాత లా చదివి 1950లో బారిస్టరయ్యారు. అయినా నల్లవాడికి పని ఇచ్చేవారు కరువయ్యారు. అలా నటనలోకి, పాటలోకి వచ్చారు.

‘టునైట్’ పేరు తెచ్చింది, ‘కాలిప్సో గాయకుడు’ అన్న ముద్రా వేసింది. అందుకే రెండున్నరేళ్లకు దాన్ని వదిలేశారు. ఇంటింటా తెలిసిన ముఖం అయ్యాక అలా తప్పుకోవడానికి ఎంతో ధైర్యం కావాలి. నీనా సిమోన్ గొంతుతో ప్రపంచానికి చేరిన ‘ఫీలింగ్ గుడ్’ను 1964లో బ్రిటిష్ రంగస్థలంపై తొలుత పాడింది ఆయనే.

1974లో జాన్ మాపొండేరాతో కలిసి ‘డ్రమ్’ కళాకేంద్రం స్థాపించారు. నల్లజాతి కళాకారులకు శిక్షణ, వేదిక రెండూ దొరకాలన్నది ఆయన పట్టుదల. 1980ల మొదట్లో ‘కాంకర్డ్’ ఉత్సవాలతో వేర్వేరు జాతుల సంగీతాన్ని, నృత్యాన్ని బ్రిటన్ పట్టణాలకు చేర్చారు.

ఆయన విమానం కూలడం చిన్నప్పుడు చూసిన ఓ డచ్ వ్యక్తి, పెద్దయ్యాక ఆ సిబ్బంది వివరాలన్నీ వెతికి తీశారు. ఆ డచ్ వ్యక్తి కుటుంబం తోడ్పాటుతోనే గ్రాంట్, యుద్ధంలో ఎగిరిన కరీబియన్ వైమానికుల పేర్లను, వివరాలను అందరూ చూడగలిగేలా ఇంటర్నెట్‌లో పోగుచేయించారు. 2010లో, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు.