వేలంపాటలో కొన్న ఇల్లు – తాళంచెవి చేతికి వచ్చేదాకా

పాలమూరు పల్లెల నుండి హైదరాబాదుకు, బొంబాయికి, పూణెకు వలసపోయి, మట్టి మోసి, రాళ్లు కొట్టి కూడబెట్టిన రూపాయలు చివరకు ఇంటి గోడలలోకే చేరుతాయి. మన కుటుంబాలకు సొంత ఇల్లు ఒక జీవితకాలపు ఆశ. అటువంటి ఇంటివారికి పేపరులో బ్యాంకు వేలం ప్రకటన కనబడితే మనసు అటు లాగుతుంది. కల్వకుర్తిలో ఇల్లు, అమ్మేది ప్రభుత్వ రంగ బ్యాంకు, ధర బయటికన్నా తక్కువ. ఇంకేమి భయము అనుకుంటాము.

ప్రియమైన పాఠకులారా, ఆ ఇంటి వెల డబ్బుతో మాత్రమే తీరదు. కాలముతో కూడా చెల్లించాలి. ఆ సంగతి ముందుగా తెలుసుకొని లెక్క చూసుకున్నవారే నష్టపోకుండా ఉంటారు.

ఇల్లు వేలానికి ఎలా వస్తుంది?

అప్పు తీర్చనివారి తాకట్టు ఆస్తిని బ్యాంకు సివిల్ కోర్టుకు వెళ్లకుండానే అమ్ముకునే అధికారము 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టము ఇచ్చింది. 90 రోజులకు మించి వాయిదాలు ఆగితే అది మొండి బాకీ అవుతుంది. అప్పుడు బ్యాంకు 60 రోజుల గడువుతో నోటీసు ఇస్తుంది. అప్పటికీ కట్టకపోతే ఇంటిని స్వాధీనము చేసుకున్నట్టు ప్రకటిస్తుంది. ఆ తరువాత మొదటి వేలానికి 30 రోజుల నోటీసు ఇవ్వాలి. లక్ష రూపాయలు దాటని అప్పులకు ఈ చట్టము వర్తించదు. వ్యవసాయ భూమిని కూడా దీని కింద వేలము వేయరాదు. ఈ రెండు సంగతులు మన రైతు కుటుంబాలు గుర్తుంచుకోవాలి.

కొన్నవారికి గడువు, ఇచ్చేవారికి ఆలస్యము

పాట మీ పేర పడితే, ముందు కట్టిన ధరావతుతో కలిపి, ధరలో నాలుగవ వంతు ఆ రోజే గాని మరుసటి పనిదినమున గాని కట్టాలి. మిగిలిన మూడు వంతులు అమ్మకము ఖాయమైన 15 రోజులలో కట్టాలి. ఇరుపక్షాలు వ్రాతపూర్వకముగా ఒప్పుకుంటే మూడు నెలల వరకు పొడిగించవచ్చు. గడువు దాటితే కట్టిన నాలుగవ వంతు పోతుంది. పన్నెండు కోట్లు దాటిన ఒక వేలములో మిగతా సొమ్ము కట్టలేకపోయిన కొనుగోలుదారుడు తన ధరావతు తిరిగి ఇప్పించమని కోరితే, బ్యాంకు దానిని పూర్తిగా ఉంచుకోవడము సరియేనని 2024లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వేరొక బ్యాంకులో అప్పు దొరుకుతుందిలే అన్న ధీమాతో పాట పాడేవారు ఈ తీర్పును మరువకూడదు.

కొన్నవారి గడువు ఇంత ఖచ్చితము. ఇల్లు అప్పగించే గడువు మాత్రము అలా ఉండదు. చాలా ప్రకటనలలో బ్యాంకు స్వాధీనము కాగితము మీదనే ఉంటుంది, ఇంటిలో పాత కుటుంబము కాపురముంటూనే ఉంటుంది. వారిని ఖాళీ చేయించడానికి బ్యాంకు జిల్లా కలెక్టరుకు గాని చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటుకు గాని దరఖాస్తు పెట్టుకుంటుంది. 2016లో ఏర్పడిన నాగర్‌కర్నూలు జిల్లాలో కల్వకుర్తి చేరింది గనుక, కలెక్టరు దగ్గరకు వెళ్లే ఫైలు నాగర్‌కర్నూలు కలెక్టరేటుకు నడుస్తుంది. చట్ట ప్రకారము 30 రోజులలో, తగిన కారణము వ్రాస్తే 60 రోజులలో ఉత్తర్వు రావాలి. కాని ఆ గడువు దాటినంత మాత్రాన అధికారి అధికారము పోదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. అందుచేత ఫైలు ఆలస్యమైనా కొన్నవారు ఎదురుచూడక తప్పదు.

ఇదిగాక ఇంటి యజమాని 45 రోజులలోపల హైదరాబాదులోని రుణ వసూలు ట్రిబ్యునలులో కేసు వేయవచ్చు. అక్కడ స్టే వస్తే మీ డబ్బు, మీ ఇల్లు రెండూ ఆగిపోతాయి.

పాటకు ముందు చూడవలసినవి

మొదట సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించండి. ఆ స్థలము 22-ఏ నిషేధిత జాబితాలో ఉన్నదేమో చూడండి. ప్రభుత్వము పేదలకిచ్చిన అసైన్డు భూమిని అమ్మడము, కొనడము 1977 చట్టము ప్రకారము చెల్లదు.

ఇంటి పన్ను, కరెంటు బకాయిలు ఎంతో విచారించండి. "ఎక్కడ ఎలా ఉన్నదో అలాగే" అన్న షరతు మీద కొన్నప్పుడు పాత కరెంటు బకాయి కూడా కొన్నవారి మీద పడవచ్చునని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది.

ఇంటిలో ఎవరున్నారో స్వయంగా వెళ్లి చూడండి. ట్రిబ్యునలులో కేసు ఉన్నదా అని బ్యాంకు అధికారిని వ్రాతపూర్వకముగా అడగండి. మొత్తము సొమ్ము సిద్ధము చేసుకున్నాకే పాటలో కూర్చోండి. పిల్ల పెండ్లికి, పిల్లవాని చదువుకు దాచిన డబ్బును ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియని తలుపు వెనుక పెట్టకండి.

వాక్యము ఏమి నేర్పుతున్నది?

యిర్మీయా ప్రవక్త అనాతోతులో పొలము కొన్నప్పుడు పదియేడు తులముల వెండి తూచి ఇచ్చాడు. సాక్షులను పెట్టుకున్నాడు. ముద్ర వేసిన పత్రమును, ముద్ర వేయని పత్రమును బారూకు చేత మట్టికుండలో భద్రము చేయించాడు. పట్టణము ముట్టడిలో ఉండగా, తాను చెరసాల ఆవరణములో ఉండగా చేసిన కొనుగోలు అది. విశ్వాసము గలవాడే గాని కాగితము విషయములో అశ్రద్ధ చేయలేదు. ఆలస్యమునకు కూడా సిద్ధపడ్డాడు.

అప్పులపాలైన ఇంటివారిని కూడా వాక్యము మరువలేదు. ప్రాకారము గల పట్టణములో అమ్మిన ఇంటిని ఒక సంవత్సరములోగా విడిపించుకోవచ్చునని లేవీయకాండము 25వ అధ్యాయములో ఉన్నది. మన చట్టములోని నోటీసులు, గడువులు కూడా ఆ కుటుంబానికి ఒక అవకాశమే. కొన్నవారికి విసుగు పుట్టించే ఆలస్యములో కొంత భాగము, ఇల్లు పోగొట్టుకుంటున్నవారికి చివరి ఊపిరి. 2016 సవరణ తరువాత వేలము ప్రకటన వెలువడే వరకే పూర్తి బాకీ కట్టి ఇంటిని విడిపించుకునే హక్కు ఉన్నది. కనుక మీ ఇంటికి నోటీసు వస్తే సిగ్గుపడి బీరువాలో దాచకండి. ఆ 60 రోజులలోనే బ్యాంకుకు వెళ్లి మాట్లాడండి, జవాబు వ్రాసి ఇవ్వండి.

సంఘ పెద్దలకు ఒక మనవి. నెహెమ్యా కాలములో పొలములను, ఇండ్లను కుదువపెట్టిన సహోదరుల మొర విని ఆయన సమాజమును కూర్చి న్యాయము జరిపించాడు. మన సంఘములో ఒకరి ఇల్లు వేలానికి వస్తే, దానిని చవకగా కొనవచ్చునా అన్న ఆలోచనకన్నా ముందు, వాయిదాలు కట్టి నిలబెట్టవచ్చునా అన్న ఆలోచన రావాలి. అది కుదరక వేరొకరు న్యాయముగా కొన్నట్లయితే, ఖాళీ చేసే కుటుంబముతో కఠినముగా మాట్లాడకుండా ఆ గుమ్మములో అడుగుపెట్టాలి.

ప్రభువు మన గృహములను కట్టును గాక.