కట్టడాల పునరుద్ధరణ - సున్నపు పనివారి పదజాలం: మొజంజాహీ మార్కెట్ నేపథ్యం

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదు నడిబొడ్డున ఉన్న మొజంజాహీ మార్కెట్ 1935లో గ్రానైటు రాతితో నిర్మితమైంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రెండవ కుమారుడు మొజంజా పేరు దీనికి పెట్టారు. కాలక్రమంలో కారే పైకప్పు, రాతిమీది రంగులు, రేకుల పందిళ్ళు దీని రూపాన్ని చెరిపాయి. 2018లో మొదలైన పునరుద్ధరణ తర్వాత 2020 ఆగస్టు 14న ఇది తిరిగి ప్రారంభమైంది. ఇటువంటి పనిలో సున్నం ఎందుకు ప్రధానమో, దానికి తెలుగు వృత్తిపదజాలంతో ఉన్న సంబంధమేమిటో వివరించడం ఈ వ్యాసోద్దేశం.

2. సున్నం - సిమెంటు:

సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు వెలువడి సున్నం మిగులుతుంది. నీటితో విరిసిన ఆ సున్నం గోడలో చేరాక, గాలిలోని అదే వాయువును మెల్లగా పీల్చుకొని మళ్ళీ రాయవుతుంది. దానిలోని సన్నని రంధ్రాల గుండా గోడలోని తేమ ఆవిరై బయటికి పోతుంది. గోడలో కలిగే కొద్దిపాటి కదలికలకు అది లొంగుతుంది.

సిమెంటు ఇంతకంటె గట్టిది, బిగువైనది. సున్నపు గోడపై సిమెంటు పూస్తే తేమకు దారి మూసుకుపోతుంది. లవణాలు పూత వెనుక స్ఫటికాలై పేరుకొని గోడను పొడిపొడి చేస్తాయి. పూత పైకి దృఢంగా కనిపించడం వల్ల నష్టం ఆలస్యంగా బయటపడుతుంది. అందుచేత నీరు చొరబడే చోట్లను అరికట్టడం, సిమెంటు పొరలను గోడ దెబ్బతినకుండా తొలగించడం, రాళ్ళ సందులను సున్నంతో నింపడం, చివరగా పూత వేయడం అనే క్రమం అవసరమవుతుంది.

3. వృత్తిపదాలు:

ఇంజనీరింగు పత్రాల్లో 'లైమ్ మోర్టార్' అన్న ఒక్కమాటలో ఇమిడిపోయేదానికి పనివారి భాషలో వేర్వేరు పేర్లున్నాయి. గానుగలో ఇసుకతో కలిపి రుబ్బినది డంగుసున్నం. నేలకు దట్టించి నునుపు చేసేది గచ్చు. తెలంగాణలో గోడపూతను గిలాబు అంటారు. కోస్తాలో తాపీమేస్త్రీ అనిపించుకునే పనివాడు ఇక్కడ సుతారి. సున్నంలో కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలపడం కూడా ఈ సంప్రదాయంలోదే.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తిపదకోశాలు ఇటువంటి సేకరణకు మార్గం వేశాయి. అయితే పునరుద్ధరణకు పదార్థం ఒక్కటే చాలదు. సున్నం ఎన్నాళ్ళు నానాలి, రుబ్బడం ముగిసిందని చేతికి ఎలా తెలుస్తుంది, పూతను ఎన్నాళ్ళు తడపాలి అన్న వివరాలు కూడా ఆ పదంతోపాటు నమోదు కావాలి.

4. నగరశివారు - ముగింపు:

మొజంజాహీ మార్కెట్‌కు ప్రభుత్వ నిధులు, నిపుణుల సేవలు లభించాయి. నగరం విస్తరిస్తున్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల్లోని పాత ఇంటికో, చిన్న గుడికో అవి అందడం కష్టం. పగిలిన గోడకు దగ్గరలో దొరికే సిమెంటు మెత్తడం యజమానికి సులభంగా తోస్తుంది. గోడను కాపాడాలన్న ఆ ప్రయత్నమే దానికి చేటు చేస్తుంది.

ఈ ప్రాంతంలోని కళాశాలల తెలుగు శాఖలు వయోధికులైన సుతారులను పనిచోటనే కలిసి పదాలను, పద్ధతులను కలిపి సేకరిస్తే భాషాపరిశోధనకు కొత్త సామగ్రి సమకూరుతుంది. పాత గోడను బాగుచేయదలచిన యజమానికి ఏ పనికి ఏ సున్నం అడగాలో తెలుస్తుంది. ఆ తరం వెళ్ళిపోయాక ఈ సేకరణ సాధ్యపడదు.