రొయ్యపిల్లకూ శుభ్రమైన ముద్దే కావాలి

"సీసా ఉడకబెట్టకుండా పసిబిడ్డకు పాలు పడతామా అక్కా?" ఈ మాటన్నది ఏ డాక్టరమ్మో కాదు. రొయ్యపిల్లల హేచరీలో పనిచేసే మా చిన్నమ్మ కూతురు.

2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు చిన్నమ్మ వాళ్ళుండే వాకాడు తీరం కూడా మన జిల్లాలోకొచ్చింది. కొండను చూస్తూ పెరిగిన నాకు సముద్రం పనులు కొత్త. మొన్న పండక్కి వెళితే, "మా బిడ్డల్ని చూద్దువుగానీ రా" అని తీసుకుపోయింది. గుమ్మంలోనే మందునీళ్ళలో కాళ్ళు ముంచి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే లోపలికి రానిచ్చింది.

గుడ్డులోంచి వచ్చిన రొయ్యపిల్ల మొదట ఒంట్లోని సొనతోనే బతుకుతుంది. తర్వాత కంటికి ఆనని నాచు తింటుంది. ఇంకాస్త ఎదిగాక ఆర్టీమియా అనే బుల్లి జీవిని ప్రాణంతోనే పెట్టాలి. దాని గుడ్లు అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ లాంటి ఉప్పు సరస్సుల నుంచి డబ్బాల్లో వస్తాయి. చూస్తే అచ్చం కాఫీపొడే! గ్రాముకు రెండు లక్షలకు పైనే ఉంటాయి. సుమారు 28 డిగ్రీల వేడి ఉన్న ఉప్పునీళ్ళలో వేసి, గాలి, వెలుతురు ఇస్తే ఒక్కరోజులో పొదుగుతాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ పెంకులకు విబ్రియో అనే బాక్టీరియా అంటుకుని ఉంటుంది. పొదిగే నీళ్ళలో ఇంకా పెరుగుతుంది. ఆ నీళ్ళు పిల్లల తొట్టిలో పడితే తిండితో పాటే రోగమూ పెట్టినట్టే. అందుకే గుడ్లను ముందు గంటసేపు నానబెట్టి, క్లోరిన్ ద్రావణంలో పై పెంకు కరిగించి, వాసన పోయేదాకా కడుగుతారు. పొదిగాక సన్నటి వలగుడ్డలో పట్టి, మళ్ళీ శుభ్రమైన నీళ్ళతో కడిగి వెంటనే పెట్టేస్తారు. ఆలస్యమైతే సత్తువ తగ్గిపోతుంది. నాచు సంగతీ అంతే. కాచి చల్లార్చిన నీళ్ళ సీసాలో మొదలుపెట్టి, పెరుగు తోడేసినట్టు పెద్ద పాత్రల్లోకి పెంచుకుంటూ పోతారు.

"ఇంత చాదస్తమా?" అన్నాను నవ్వుతూ.

అది నవ్వలేదు. పోయినేడు ఓ రాత్రి కరెంటు పోయిన హడావుడిలో ఎవరో ఒక బక్కెట్టు కడక్కుండా పోశారట. రెండు రోజుల్లో ఆ తొట్టి పిల్లలన్నీ అడుగున పడ్డాయట. "ఇక్కడ తప్పు చేస్తే గుంటలో రైతు మునుగుతాడక్కా" అంది.

మునగడమంటే ఏమిటో ఆ ఇంటికి తెలుసు. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ రొయ్యల గుంటల్ని ఊడ్చేసినప్పుడు చిన్నమ్మ బంగారు గాజులు తాకట్టుకు వెళ్ళాయి. తిరిగి రాలేదు. తల్లిరొయ్యలకు మేతగా వేసే సముద్రపు పురుగుల ద్వారా కూడా ఆ వైరస్ రావచ్చని, వాటినీ పరీక్షించాకే పెట్టాలని చెల్లెలు చెప్పింది.

వచ్చేటప్పుడు చిన్నమ్మ నా చేతిలో కుంకుమ భరిణె పెట్టింది. ఆమె చేతులకు మట్టిగాజులే ఉన్నాయి. ఇప్పుడు ఇంట్లో ఇడ్లీపిండి గిన్నె కడిగే ప్రతిసారీ, ఇంకోసారి కడిగితే పోయేదేముందిలే అనుకుంటున్నాను.