పెట్టీ కేసేగా, తుపాకీ లైసెన్సుకేం కాదులే!

వెలుగోడుకు తూర్పున రిజర్వాయరు, అది దాటితే నల్లమల. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళకు అడవిపందులు దిగుతాయి, తెల్లారేసరికి చేను నేలమట్టం. కాపలాకు తుపాకీ లైసెన్సు అడుగుదామనుకున్న రైతుకు ముందుగా గుర్తొచ్చేది పాత కేసే: గట్టు తగాదాలో కొట్లాటో, పేకాటలో కట్టిన ఫైనో. దాని గురించి రచ్చబండ దగ్గర వినపడే మాటల్లో చాలావరకు తప్పులే.

అపోహ: ఆరు నెలల లోపు శిక్ష లెక్కలోకి రాదు.

వాస్తవం: ఒకప్పుడు నిజమే. 1959 ఆయుధ చట్టంలోని 9వ సెక్షన్ మొదట్లో ఆరు నెలలు, ఆపైన జైలు పడినవాళ్లకే అడ్డు చెప్పింది. 1983 సవరణలో ఆ గడువు ఎత్తేశారు. నాలుగు దశాబ్దాలు దాటినా పాత మాటే ఊళ్లో తిరుగుతోంది. ఇప్పుడు హింసతో కూడిన నేరానికో, దొంగతనం, మోసం లాంటి నైతిక పతనం కిందికొచ్చే నేరానికో జైలు పడితే, అది వారం రోజులైనా సరే, శిక్ష ముగిశాక అయిదేళ్లు తుపాకీ కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. అప్పటికే ఉన్న లైసెన్సు తుపాకీనైనా ఆలస్యం చేయకుండా స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాల్సిందే. అటకమీద దాచిపెడితే అది కొత్త కేసు.

అపోహ: కోర్టులో ఫైను కట్టేస్తే కేసు పోయినట్టే.

వాస్తవం: ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. రాజీకి వీలున్న కేసులో లోక్ అదాలత్‌లో ఇద్దరూ రాజీపడితే చట్టం దాన్ని నిర్దోషిగా విడుదలైనట్టే చూస్తుంది. నేరం ఒప్పుకుని ఫైను కట్టి రావడం అలాంటిది కాదు. అది శిక్షే. బయటికొచ్చేటప్పుడు రాజీపడినవాడి మొహంలోనూ, ఫైను కట్టినవాడి మొహంలోనూ ఒకే నిశ్చింత కనిపిస్తుంది గానీ కాగితం మీద తేడా ఉంటుంది. ఫైనుతోనే పోతే 9వ సెక్షన్ అడ్డురాదు, అది జైలు పడినవాళ్లకే. కానీ లైసెన్సు దరఖాస్తులో శిక్షల గురించి అడిగే గడి ఒకటుంది. అక్కడ ‘లేదు’ అని రాస్తే, పాత ఫైను కన్నా ఆ అబద్ధమే ఎక్కువ చేటు. వివరాలు దాచి తెచ్చుకున్న లైసెన్సును ఎప్పుడైనా రద్దు చేయొచ్చు.

అపోహ: బైండోవర్ అంటే తహసీల్దారు ఆఫీసులో సంతకం పెట్టి రావడమే, కేసేం కాదు.

వాస్తవం: శిక్ష కాదన్నది నిజం. అయినా శాంతిభద్రతల కోసమో, సత్ప్రవర్తన కోసమో బాండు రాయమని ఆర్డరైతే, ఆ బాండు గడువు తీరేదాకా తుపాకీ పనికిరాదు. ఎన్నికలొస్తే వరసపెట్టి బైండోవర్లు చేసే ఆళ్లగడ్డ, నంద్యాల ప్రాంతాల్లో, నా లెక్కన, జైలు శిక్షకన్నా ఈ నిబంధన తగిలేవాళ్లే ఎక్కువ.

అపోహ: అయిదేళ్లు దాటితే, లేదా కేసు కొట్టేస్తే, కలెక్టరు లైసెన్సు ఇచ్చి తీరాలి.

వాస్తవం: లేదు. దరఖాస్తు మీద స్టేషను నుంచి రిపోర్టు వెళ్తుంది. మనిషి తగడనిపించినా, ఇస్తే ఊళ్లో శాంతి చెడుతుందనిపించినా 14వ సెక్షన్ కింద కాదనొచ్చు. మామూలుగా కారణం రాతలో ఇవ్వాలి, దానిమీద అప్పీలుకు పోవచ్చు. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో మాత్రం కాదనకూడదు. ఇది చాలామంది బీదరైతులకు తెలియదు.

అమెరికాలో ఉన్న పిల్లల మాటలు విని, అక్కడ అడ్డే లేదనుకునేవాళ్లూ ఉన్నారు. అక్కడ అది రాజ్యాంగ హక్కు, ఇక్కడ లైసెన్సు మాత్రమే, నిజమే. కానీ ఇంట్లో భార్యను కొట్టిన చిన్న కేసులో దోషిగా తేలితే చాలు, 1996 నుంచి అక్కడి ఫెడరల్ చట్టం తుపాకీ ముట్టనివ్వదు, జైలు పడకపోయినా.

మళ్లీ అడవి అంచుకొస్తే, పంట కాపలాకు మూతినుంచి మందు కూరి పేల్చే తుపాకీకి చట్టంలో చోటుంది. అయితే అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు కొత్త లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందుగా ఒప్పుకోవాలి. లైసెన్సుంది కదా అని పందిని కాల్చకూడదు, దానికి వేరే అనుమతి కావాలి. అనుమతి లేకుండా కాల్చి 1972 వన్యప్రాణి చట్టం కింద శిక్ష పడితే, కోర్టు ఆ తుపాకీ లైసెన్సును రద్దు చేసి, శిక్ష పడిన రోజునుంచి అయిదేళ్లు ఇంకొకటి రాకుండా ఆపొచ్చు.