పాపికొండలకు బయలుదేరే ముందు

గత శీతకాలపు సెలవులలో మా కుటుంబం పద్నాలుగు మందిమి పాపికొండల విహారానికి బయలుదేరాము. ఫజ్ర్ నమాజు ముగించుకుని, రాజమహేంద్రవరం నుంచి రేవుకు చేరేసరికి ఎండ పొడచూపింది. పడవ ఎక్కేచోట అందరికీ లైఫ్ జాకెట్లు అందించారు. రెండేళ్లయినా నిండని మా చిన్న మనవడికి సరిపోయేది మాత్రం అక్కడ లేదు. "ఒళ్లో కూర్చోబెట్టుకోండి, ఏమీ కాదు" అన్నాడు పడవ మనిషి. డబ్బు ముందే చెల్లించి ఉన్నాము. వెనుక నిలిచిన జనం తొందరపెడుతున్నారు. నా నోట అప్రయత్నంగా ఒక మాట వెలువడింది: "అల్లాహ్ ఉన్నాడు, పదండి."

మా ఇంటావిడ కదలలేదు. "వీడు అల్లాహ్ మన చేతికిచ్చిన అమానత్ కదండీ! అమానత్‌ను ఇలాగేనా చూసుకునేది?" అన్నది.

నేను సిగ్గుపడ్డాను. ఒంటెను కట్టకుండా వదిలి, అల్లాహ్‌పై భారం వేశానన్న మనిషికి, ముందు దానిని కట్టి ఆ తరువాత భారం వేయమని దైవప్రవక్త (స) బోధించిన వృత్తాంతాన్ని నేను మదరసాలో ఏళ్ల తరబడి పిల్లలకు చెబుతున్నాను. తవక్కుల్ అనే పదానికి అర్థం వ్రాయించిన చేతులతోనే, ఆనాడు దానిని నా అజాగ్రత్తకు ముసుగుగా వాడుకోబోయాను. మేము వెనుదిరిగాము. పిల్లలు కన్నీరు పెట్టుకున్నారు. ఆ పూట ధవళేశ్వరంలో ఆనకట్టనూ, కాటన్ మ్యూజియాన్నీ చూపించి వారిని ఊరడించాము.

కచ్చులూరు చెప్పే పాఠం

ఇది అతి జాగ్రత్త అని కొందరు బంధువులు నవ్వారు. వారికి నేను రెండు సంఘటనలు గుర్తుచేశాను. 2018 మే నెలలో దేవీపట్నం మండలం మంటూరు దగ్గర ఒక లాంచీ గాలివానకు మునిగిపోయింది. వాన జల్లు పడకుండా తలుపులు మూసుకుని లోపల కూర్చున్నవారికి బయటపడే దారి లేకపోయింది. 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరద మీద ఉన్న వేళ, సిబ్బందితో కలిపి డెబ్బై మందికి పైగా ఉన్న విహార పడవ కచ్చులూరు వద్ద సుడిలో బోల్తా పడింది. ఒడ్డున ఉన్న గిరిజనులు తమ చిన్న పడవలలో వెళ్లి 26 మందిని కాపాడారు. తక్కినవారు ఇళ్లకు చేరలేదు. నెల దాటిన తరువాత గాని ఆ పడవను బయటికి తీయలేకపోయారు. కొంతకాలం ఆగిన విహారాలు 2021లో తిరిగి మొదలయ్యాయి.

ఎప్పుడు వెళ్లాలి?

కొండలను చీల్చుకుంటూ గోదావరి సన్నబడి ప్రవహించే ఈ లోయ పాపికొండ జాతీయ ఉద్యానవనంలో ఉన్నది. 1978లో అభయారణ్యంగా, 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన ఈ అడవి వేయి చదరపు కిలోమీటర్లకు పైబడినది. పాపిట వలె కొండల నడుమ నది సాగుతుంది గనుక ఇవి పాపిడి కొండలనీ, ఆ పేరే పాపికొండలైనదనీ చెబుతారు.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. జూలై మొదలు వరద తీసేవరకు ఆ ఆలోచనే వద్దు. రాజమహేంద్రవరం వైపు నుంచి వెళ్లేవారు పోలవరం ప్రాజెక్టుకు ఎగువన గండిపోశమ్మ ఆలయం దగ్గరి రేవులో, భద్రాచలం వైపు నుంచి వచ్చేవారు పోచవరంలో పడవ ఎక్కుతారు. ప్రయాణం ముందురోజు నీటిమట్టం గురించి, పడవలు నడుస్తున్నాయా లేదా అన్నదాని గురించి విచారించండి. రేవు దగ్గర కంట్రోల్ రూము ఉంటే అక్కడే అడగడం మేలు.

ప్రయాణానికి ఒక అమీర్

ముగ్గురు కలిసి ప్రయాణించినా ఒకరిని అమీర్‌గా ఎన్నుకోవాలన్నది మన ధర్మం నేర్పిన క్రమశిక్షణ. అమీర్ పని భోజనాల లెక్క చూడడం మాత్రమే కాదు. "ఈ పడవ ఎక్కవద్దు, వెనుదిరుగుదాం" అని చెప్పగలగడం అతని మొదటి బాధ్యత. కట్టిన డబ్బు, పిల్లల ఏడుపు, బంధువుల హేళన అతనిని లొంగదీయరాదు. అతడు తడబడినప్పుడు ఇంటి స్త్రీ చెప్పిన మాటను ఆలకించడం కూడా నాయకత్వమే.

పడవలో ఎంతమందికి అనుమతి ఉన్నదో, ఎంతమందిని ఎక్కిస్తున్నారో చూడండి. జాకెట్టు మెడలో వేలాడితే చాలదు, పట్టీలు బిగించాలి. పసిపిల్లలకు సరిపడే జాకెట్టు దొరుకుతుందో లేదో ముందే అడగండి, లేదంటే మీరే తీసుకువెళ్లండి. వృద్ధులను తలుపు దగ్గర కూర్చోబెట్టండి. ఫోటోల కోసం అందరూ ఒకే ప్రక్కకు చేరకండి.

నమాజు, ఆహారం, మర్యాద

విహారం దాదాపు పగలంతా పడుతుంది. జుహ్ర్ నదిమీదనే వస్తుంది. గనుక శుక్రవారం కాని రోజును ఎంచుకోండి. నిలబడగలిగినవారు నిలబడి, తల తిరిగేవారు కూర్చుని నమాజు చేయవచ్చు. పడవ మలుపు తిరిగితే నమాజీ కూడా ఖిబ్లా వైపు తిరగాలి. ఖసర్ విషయం మీ ఊరి నుంచి ఉన్న దూరాన్ని బట్టి నిర్ణయమవుతుంది. హనఫీ ఉలమాలు సుమారు 78 కిలోమీటర్లు అంటారు. విజయవాడ వారికి ఇది వర్తిస్తుంది.

పడవలో సాధారణంగా శాకాహారమే వడ్డిస్తారు. అయినా ముందే అడిగి తెలుసుకోండి. పేరంటాలపల్లి వద్ద దిగినప్పుడు అది ఇతరుల ఆరాధనా స్థలమని గుర్తుంచుకుని మర్యాదగా మెలగండి. అక్కడి గిరిజనులు అల్లిన వెదురు వస్తువులు కొనండి, బేరం పెట్టకండి. దారిలో నిర్మానుష్యమైన ఊళ్లు కనబడతాయి. మన డెల్టాకు నీరిచ్చే పోలవరం కోసం కొండరెడ్లు, కోయలు విడిచిపోయిన నేల అది. దానిని ఫోటోకు నేపథ్యంగా మాత్రమే చూడకుండా, వారి త్యాగం ఏమిటో పిల్లలకు వివరించండి.

రెండు వారాల తరువాత, మనవడి కొలతకు జాకెట్టు సంపాదించుకుని మేము మళ్లీ వెళ్లాము. కచ్చులూరు దాటుతున్నప్పుడు పడవలో మాటలు ఆగిపోయాయి. నేను మరణించినవారి కుటుంబాల కొరకు మనసులోనే దుఆ చేసుకున్నాను. పట్టీలు బిగించిన చిన్నవాడు నానమ్మ ఒడిలో నిద్రపోతున్నాడు. ఎదుట కొండలు రెండువైపుల నుంచి దగ్గరపడసాగాయి. సుబ్హానల్లాహ్ అన్నాను. ఈసారి ఆ మాటలో నిశ్చింత ఉన్నది.