పాత బొమ్మ రైళ్లు: సేకరణ, విలువ

రేకుతోనో, పోత లోహంతోనో, ప్లాస్టిక్‌తోనో చేసి, చిన్న పట్టాల మీద నడిచేలా పిల్లల ఆట కోసం అమ్మినవి బొమ్మ రైళ్లు. ఊటీ, డార్జిలింగ్ కొండల మీద మనుషుల్ని ఎక్కించుకుని తిరిగే బుల్లి రైళ్లనూ టాయ్ ట్రైన్ అనే అంటారు గానీ, ఇక్కడ మాట్లాడుకునేది ఇంట్లో నేలమీద తిరిగే రైళ్ల గురించి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందువీ, యుద్ధం ముగిశాక ఓ పాతికేళ్లలో వచ్చినవీ సేకర్తల దృష్టిలో పాతవి. ఒకప్పుడు పిల్లవాడి పుట్టినరోజుకు కొన్న ఈ వస్తువులు తర్వాత పెద్దల బీరువాల్లోకి చేరాయి, వేలంపాటలకెక్కాయి. వాటి ధరలు ఒక తరం పాటు పెరిగి, ఆ తర్వాత చాలావరకు దిగిపోయాయి. ఆ ఎత్తుపల్లాల వెనుక ఉన్నది ప్రధానంగా జ్ఞాపకం. బొమ్మతో ఆడుకున్నవాళ్లు ఉన్నన్నాళ్లు ఒక ధర, వాళ్లు వెళ్లిపోయాక మరో ధర.

పుట్టిన తీరు

జర్మనీలోని గోపింగెన్ పట్టణంలో 1859లో మొదలైన మార్క్‌లిన్ సంస్థ మొదట బొమ్మ వంటపాత్రలు చేసేది. 1891లో లైప్‌జిగ్ వర్తక ప్రదర్శనలో ఆ సంస్థ ఒక రైలును ప్రదర్శించింది. ఇంజను, పెట్టెలు, పట్టాలు అన్నీ విడివిడిగా కొనుక్కుని, ఏటా కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవచ్చు. పట్టాల మధ్య వెడల్పుకు అంకెలతో పేర్లు పెట్టింది కూడా ఆ సంస్థే. ఒకటో నంబరు గేజి 45 మిల్లీమీటర్లు, సున్నా గేజి 32 మిల్లీమీటర్లు. ఒకసారి కొని పక్కన పెట్టే బొమ్మ కాకుండా, కూడబెట్టుకునే బొమ్మగా రైలు మారింది అప్పుడే. సేకరణకు విత్తనం ఆ అమ్మకం పద్ధతిలోనే పడింది.

అమెరికాలో జాషువా లయొనెల్ కోవెన్ 1900లో లయొనెల్ సంస్థను మొదలుపెట్టాడు. అతని తొలి కరెంటు బండి పిల్లల కోసం చేసింది కాదు, దుకాణం అద్దాల వెనుక తిరుగుతూ దారినపోయేవాళ్లను ఆకట్టుకోవడానికి చేసింది. చూసినవాళ్లు సరుకుకు బదులు ఆ బండినే అడగడంతో అది బొమ్మ అయింది. ఇంగ్లండ్‌లో, మెకానో ఆటసామాను సృష్టికర్త ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో కీ ఇస్తే నడిచే రైళ్లు తెచ్చాడు. 1938లో అదే సంస్థ నుంచి హార్న్‌బీ డబ్లో వచ్చింది. 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీద నడిచే ఈ చిన్న రైలు మామూలు ఇంట్లో బల్ల మీద కూడా ఇమిడేది.

1950ల తొలి సంవత్సరాలు ఈ పరిశ్రమకు మహర్దశ. తర్వాత విమానాలు, కార్లు, టీవీ పిల్లల మనసును లాగేసుకున్నాయి. హార్న్‌బీ రైళ్లు 1964లో పోటీ సంస్థ చేతికి పోయాయి. లయొనెల్ తన రైళ్ల తయారీ హక్కులను 1969లో వదులుకుంది. పిల్లలు ఆడటం తగ్గిన ఆ కాలంలోనే పెద్దలు దాచడం మొదలైంది. అమెరికాలో రైలు సేకర్తల సంఘం 1954లో, బ్రిటన్‌లో హార్న్‌బీ సేకర్తల సంఘం 1969లో ఏర్పడ్డాయి.

ధర కట్టే లెక్క

కొత్తగా చూసేవాళ్లు మొదట వయసు అడుగుతారు. అనుభవం ఉన్న సేకర్త మొదట చూసేది స్థితి. ఏమాత్రం వాడనిది, కొత్తదానిలా ఉన్నది, అత్యుత్తమం, చాలా బాగుంది, బాగుంది, ఓ మోస్తరు, పాడైంది అంటూ అమెరికా సంఘం వరుస మెట్లు ఏర్పరచింది. పై మెట్టుకూ కింది మెట్టుకూ మధ్య ధర ఎన్నో రెట్లు మారుతుంది. వందేళ్లనాటిదైనా తుప్పు పట్టి, చక్రం విరిగిన రైలు కంటే అరవై ఏళ్ల కిందటి మచ్చలేని రైలు ఎక్కువ పలకవచ్చు.

రెండోది అట్టపెట్టె. పిల్లవాడు రైలు చేతికి రాగానే చింపి పారేసేది దాన్నే గనుక, రైళ్ల కంటే పెట్టెలే తక్కువ మిగిలాయి. సొంత పెట్టె, వాడుక కాగితం, కీ కూడా ఉన్న సెట్టుకు విడి ఇంజను కంటే బాగా ఎక్కువ వస్తుంది. మూడోది రంగు. కంపెనీ వేసిన రంగు వెలిసినా పర్వాలేదు. దాని మీద కొత్త రంగు పూస్తే విలువ పడిపోతుంది. తాతగారి రైలుకు మెరుగులు దిద్దాలనే ప్రేమే చాలాచోట్ల దాని ధరను మింగేసింది.

నాలుగోది అరుదుతనం. ఇది తయారైన సంఖ్యను బట్టే కాదు, అమ్ముడైన సంఖ్యను బట్టి కూడా ఉంటుంది. లయొనెల్ 1957లో ఆడపిల్లల కోసమంటూ గులాబీ రంగు ఇంజనుతో ఒక రైలు తెచ్చింది. ఆడపిల్లలకు కావలసింది అసలు రైలులా కనిపించే రైలే కావడంతో అది దుకాణాల్లో ఉండిపోయింది. ఆనాడు ఎవరూ కొనకపోవడం వల్లే ఈనాడు దానికి గిరాకీ.

ధరలు ఎందుకు పెరిగాయి, ఎందుకు తగ్గాయి

మనిషి చిన్నప్పుడు దొరికినదాన్నీ, దొరకనిదాన్నీ చేతిలో డబ్బు ఆడే వయసులో వెతుక్కుంటాడు. 1950ల్లో రైలుతో ఆడిన పిల్లలు 1980, 1990 దశకాల నాటికి నలభై, యాభై ఏళ్లవాళ్లు. ఇల్లు కట్టారు, పిల్లలు ఎదిగారు, తీరిక దొరికింది. ధరలు బాగా పెరిగింది అప్పుడే. ఇంకా పెరుగుతాయని పెట్టుబడిగా కొన్నవాళ్లూ చాలామంది.

ఆ తర్వాత మూడు సంగతులు కలిసి వచ్చాయి. 1995లో మొదలైన ఈబే వంటి ఆన్‌లైన్ వేలాలు అటకల మీది రైళ్లన్నిటినీ ఒకే సంతకు చేర్చాయి. ఒక ఊళ్లో అరుదనుకున్నది ప్రపంచమంతా చూస్తే వందల్లో ఉందని తేలింది. రెండోది, పాత నమూనాలనే కొత్తగా చేసి అమ్మడం. చూడటానికి అలాంటిదే, సాఫీగా నడిచేది తక్కువకు దొరుకుతుంటే మామూలు పాతదానికి గిరాకీ తగ్గింది. మూడోది అన్నిటికంటే పెద్దది: సేకర్తల తరం ముసలిదైంది. వాళ్ల సేకరణలు ఏటా అమ్మకానికి వస్తుంటే, కొనాల్సిన తరానికి ఆ రైళ్లతో చిన్ననాటి బంధం లేదు. తయారీదారుల మీద కూడా ఒత్తిడి పడింది. లయొనెల్ 2004లో దివాలా రక్షణ కోరింది. మార్క్‌లిన్ 2009లో దివాలా తీసి, 2013లో మరో బొమ్మల సంస్థ చేతికి వెళ్లి నిలదొక్కుకుంది.

అయితే ఈ పతనం అన్నిటికీ ఒకేలా లేదు. లక్షల్లో తయారైన మామూలు సెట్లు బాగా దిగాయి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు చేతితో రంగులు వేసిన జర్మన్ స్టేషన్లు, వంతెనలు, ఇంజన్ల విషయం వేరు. వాటితో ఆడుకున్నవాళ్లు ఎప్పుడో పోయారు, అయినా విలువ నిలిచింది. జ్ఞాపకం తొలగిపోయాక వస్తువును నిలబెట్టేది దాని పనితనం, అది చెప్పే చరిత్ర. అలాంటి జర్మన్ పనితనం నిండిన ‘జెర్నీ’ అనే బొమ్మ రైళ్ల సేకరణను న్యూయార్క్ చారిత్రక సంఘం మ్యూజియం 2014లో తీసుకోవడం దీనికి ఉదాహరణ.

తెలుగునేల మీద

బొమ్మలను సైతం భద్రపరచాల్సిన వస్తువులుగా చూసినవారిలో మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్ ఒకరు. 1951లో ప్రజలకు తెరిచిన హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో పిల్లల విభాగం ఉంది. దంతపు శిల్పాలు, గడియారాలు కొన్న చేతితోనే ఆయన ఆటవస్తువులూ పోగుచేశాడు.

చెన్నై–గూడూరు రైలు మార్గంలోని సూళ్లూరుపేట వైపు వాళ్లకు పాత సరుకుల వేటకు చెన్నై దగ్గర. ఈ ఊరి నుంచి లోకల్ రైలెక్కితే సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ కాంప్లెక్స్ స్టేషన్లో దిగుతారు. ఆ పేరు అక్కడే ఉండిన మూర్ మార్కెట్‌ది. పాత పుస్తకాలకు, విచిత్ర వస్తువులకు పేరుపడిన ఆ బజారు 1985లో అగ్నికి ఆహుతైంది. పాత వస్తువులను ఒక్కచోట చేర్చే బజారు పోతే సేకర్తలకు కొనే చోటు ఒక్కటే కాదు, బేరం చేస్తూ పనితనం గుర్తుపట్టడం నేర్చుకునే బడి కూడా పోతుంది.

తెలుగువాళ్ల సొంత బొమ్మ రైలు మాత్రం రేకుది కాదు, కొయ్యది. అనకాపల్లి జిల్లా వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పి, లక్క రంగులు పట్టించి చేసే బొమ్మల్లో రైలు బండ్లూ ఉంటాయి. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆకులు, గింజలు, బెరళ్ల నుంచి తీసే రంగులను అక్కడ మళ్లీ నిలబెట్టిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. పట్టాలూ మోటారూ లేని ఈ రైళ్లను ఇంకా ఎవరూ వేలాల్లో వెతకడం లేదు. ఆడి అరగదీసి పారేయడమే వీటి వాడుక. అందువల్లే పాతవి మిగలడం కష్టం.

మన రైలునే బొమ్మగా చూడాలనుకునేవాళ్లకు గేజి దగ్గర చిక్కు వస్తుంది. ప్రపంచమంతా అమ్మే 16.5 మిల్లీమీటర్ల పట్టాలు ఐరోపా గేజి అయిన 1,435 మిల్లీమీటర్లను 87 వంతులు చేస్తే వచ్చినవి. సూళ్లూరుపేట మీదుగా సాగే చెన్నై–గూడూరు మార్గం బ్రాడ్‌గేజి, వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. అదే కొలతలో దానికి 19 మిల్లీమీటర్లకు పైగా కావాలి. పాకాల–ధర్మవరం మార్గం ఒకప్పుడు మీటర్‌గేజి, దానికి సుమారు 11.5 మిల్లీమీటర్లు. అందుకని మన ఇంజన్ల నమూనాలు చాలావరకు కాస్త ఇరుకు పట్టాల మీద నడుస్తాయి, లేదా ఎవరో ఓపికగా చేత్తో చేసినవి అవుతాయి. మీటర్‌గేజి పోయిన ఊళ్లకు అలాంటి నమూనా ఒక్కటే కళ్లకు మిగిలే రైలు.

కాపాడుకునే తీరు

పులికాట్ సరస్సు ఒడ్డున, ఉప్పుగాలి తగిలే ఇళ్లలో రేకు రైలుకు తేమ మొదటి శత్రువు. గాజు తలుపుల బీరువాలో, సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వాటిని తరచూ మారుస్తూ ఉంచాలి. అచ్చు రంగులున్న రేకును నీళ్లతో, సబ్బుతో కడగకూడదు. మెత్తని పొడి బ్రష్ చాలు. అట్టపెట్టెను చెదలకు అందకుండా గోడకు, నేలకు ఎడంగా పెట్టాలి. బ్యాటరీలు లోపల వదిలేస్తే కారి లోహాన్ని తినేస్తాయి.

మందులేని జబ్బు ఒకటుంది. యుద్ధానికి ముందు జింకు పోతలో సీసం వంటి మలినాలు కలిస్తే, ఏళ్లు గడిచాక లోహం ఉబ్బి, పగిలి, బిస్కెట్టులా పొడి అవుతుంది. వేడి, తేమ దాన్ని తొందరపెడతాయి. కొనేముందు చక్రాల మీద, ఇంజను అడుగున వెంట్రుకవాసి పగుళ్లు ఉన్నాయేమో చూడటం అందుకే.

చట్టం కూడా తెలిసుండాలి. విదేశీ బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. విదేశీ వేలంలో చౌకగా కనిపించినది ఇంటికి చేరేసరికి చౌక కాదు. వందేళ్లు నిండి చారిత్రక ప్రాధాన్యం ఉన్న వస్తువు 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు కిందికి రావచ్చు. అలాంటిదాన్ని అనుమతి లేకుండా దేశం దాటించకూడదు.

చివరిగా, ప్రతి రైలుతోపాటు ఒక కాగితం ఉంచాలి. ఎవరు, ఏ ఊళ్లో, ఏ ఏడు కొన్నారు, ఎవరు ఆడుకున్నారు, ఏ భాగం ఎప్పుడు మార్చారు అన్నవి అందులో రాసి, వీలైతే ఆనాటి ఫోటో జతచేయాలి. ఆడుకున్నవాళ్లు లేని రోజున ఆ రైలు ఎవరిదో, ఎక్కడిదో చెప్పేది ఆ కాగితమే.