అరటి బేరంలో గెల తూకమా, కాయల లెక్కా?

అరటి రకాలను గెల బరువుతోనే పోల్చి బేరం కుదుర్చుకుంటే లాభం లెక్క తప్పుతుంది. రావులపాలెం మార్కెట్లో సరుకు గెలల లెక్కన, రాయలసీమ తోటల్లో టన్నుల లెక్కన చేతులు మారుతుంది. చిల్లర అంగడిలో మాత్రం అమ్మకం ఎక్కువగా డజన్లలోనే.

తూకంలో గ్రాండ్ నైన్ రకానిదే పైచేయి. నీరు, ఎరువు సక్రమంగా అందితే గెల 25-30 కిలోలు తూగుతుంది. 11-12 నెలల్లో కోతకు వస్తుంది. కాయ పొడవుగా, ఒకే తీరుగా ఉండటంతో పెట్టెల్లో సర్దడానికి అనువు. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబయి రేవుకు ఎగుమతి అరటి ప్రత్యేక రైలులోనే వెళ్లింది.

కర్పూర చక్కెరకేళి గెల తేలిక, కాయ చిన్నది. అయితే గెలకు వందకు పైగా కాయలుంటాయి. పండినా అత్తం నుంచి రాలవు కనుక దూరపు రవాణాకు తట్టుకుంటుంది. అమృతపాణి రుచికి పేరుపొందినా పండితే రాలుతుంది. పనామా తెగులు బెడద కూడా ఉంది.

ఉదాహరణకు 24 కిలోల గ్రాండ్ నైన్ గెలలో 156 కాయలుంటే 13 డజన్లు. 12 కిలోల కర్పూర గెలలో 132 కాయలుంటే 11 డజన్లు. బరువు సగమైనా తేడా రెండు డజన్లే. కాబట్టి రెండు రకాల డజను ధరల మధ్య వ్యత్యాసం చూసుకున్నాకే గెల ధర ఖాయం చేసుకోవాలి. టన్నుల బేరమైతే గెల కాడ తూకంలో కలుస్తుందో లేదో ముందే తేల్చుకోవాలి.